పడవ ఫ్యానులో తాబేలు పడింది. ఇప్పుడేం చేయాలి? ఫ్యానుకి బోను కట్టిస్తే మళ్ళీ జరగకుండా ఉంటుందా?

గౌతమి పడవ:

అందరికీ నమస్కారమండి. ఇక్కడ పడవలు నడిపేవాళ్ళూ ఉన్నారు, జంతువుల వైద్యం తెలిసినవాళ్ళూ ఉన్నారు, అందుకని రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది గోదావరి గౌతమి పాయలో, కోటిపల్లి రేవుకి దిగువన ఒక లంక. మా నాన్న లాంచీ మీద సరంగుగా చేశాడు. నేను 26 ఏళ్ళుగా సొంత పడవ నడుపుతున్నాను. నాటు పడవే. వెనక బల్ల మీద డీజిల్ ఇంజను, దానికి తొమ్మిదడుగుల రాడ్డు, రాడ్డు చివర ఫ్యాను. క్లచ్ లేదు, రివర్స్ లేదు. హ్యాండిల్ తిప్పి ఇంజను అందుకుందంటే ఆ క్షణం నుంచే ఫ్యాను తిరుగుతుంది. పొద్దున్నే పాల క్యాన్లు, బడిపిల్లలు. మధ్యాహ్నం కొబ్బరికాయలు, అరటిగెలలు. సాయంత్రం మళ్ళీ జనం.

సంక్రాంతి వెళ్ళాక వచ్చిన శనివారం, అంటే నిన్న సాయంత్రం జరిగింది. పండక్కి వచ్చిన కూతుళ్ళు, అల్లుళ్ళు తిరిగి వెళ్తున్నారు. పడవ నిండా జనం, అరిసెల డబ్బాలు, సంచులు. రేవు దగ్గర నడుం లోతు నీళ్ళు. రాడ్డు నీళ్ళలోనే ఉంది, అలాగే స్టార్ట్ చేశాను. ఎప్పుడూ అలాగే చేస్తాను. రెండు పడవల దూరం వెళ్ళానో లేదో ఇంజను మూలిగింది. నల్ల పొగ కక్కి ఆగిపోయింది.

రాడ్డు పైకెత్తితే ముందు వల కనిపించింది. పాత నైలాను వల, నాచు పట్టి ఉంది, ఎవరిదో తెగి కొట్టుకొచ్చింది. ఆ ముద్దలోంచి సన్నటి గొట్టం లాంటి ముక్కు ఒకటి బయటికి వచ్చి "ఫుస్"మని గాలి వదిలింది. అప్పుడు తెలిసింది తాబేలని. చేటంత ఉంది. మామూలు తాబేలులా గట్టి చిప్ప కాదు, పైన తోలు కప్పినట్టు ఉంటుంది, అంచులు వేలితో నొక్కితే వంగుతాయి. మెడకీ ముందు కాలికీ దారాలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎడమ పక్క, వెనక కాలికి పైన, అంచు నాలుగు వేళ్ళ పొడవున చీరుకుపోయింది. నెత్తురు ఎక్కువ రాలేదు కానీ ఆగకుండా కారుతోంది.

నాకు అర్థమైంది ఏంటంటే, అది ముందే ఆ వలలో చిక్కుకుని ఉంది. ఫ్యాను వలని చుట్టుకుంటూ పోయింది, వలతో పాటు దాన్నీ లాక్కుంది. ఫ్యానుకీ, రాడ్డు తిరిగే బుష్‌కీ మధ్య నైలాను కరిగి గాజుముద్దలా గట్టిపడిపోయింది. రాత్రి లాంతరు పెట్టుకుని ఉలితో కొట్టి తీశాను.

పడవలో ఒకాయన 1500 ఇస్తాను, నాకిచ్చెయ్ అన్నాడు. ఎందుకో మీకు తెలుసు. ఒక ముసలమ్మ "కూర్మావతారం నాయనా, నీళ్ళలో వదిలెయ్యి" అని దణ్ణం పెట్టింది. ఆయనకి ఇవ్వడానికి చేతులు రాలేదు. అలా చీరుకుపోయిన దాన్ని నీళ్ళలో వదలడానికీ మనసొప్పలేదు. తడి గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాను. గేదెల కుడితి తొట్టి కడిగి అందులో ఉంచాను. మా ఆవిడ పసుపు అద్దింది. ఇప్పుడు ఆదివారం రాత్రి. కదులుతోంది. కళ్ళు తెరుస్తోంది. ఏమీ తినలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పదకొండేళ్ళ కింద ఇలాగే తెల్లవారుజామున ఒక నీటికుక్క పిల్ల నా ఫ్యాను కింద పడింది. కోరింగ వైపు నుంచి అప్పుడప్పుడు మా పాయలోకి గుంపులుగా వస్తాయి. తల్లి ముందు ఈదుతుంటే పిల్లలు వరసగా వెనక వస్తాయి. నేను చూసేసరికి ఆలస్యమైపోయింది. తల్లి చాలాసేపు పడవ చుట్టూ తిరుగుతూ అరిచింది, సన్నటి ఈలలాగా ఉంటుంది దాని అరుపు. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. పిల్లని నీళ్ళలోకి తోసేసి పనిలో పడ్డాను. ఈసారి అలా వదిలెయ్యలేను.

నేను అడిగేది మూడు. ఒకటి, ఈ తాబేలుకి ఇప్పుడు ఏం చేయాలి. రెండు, ఫారెస్టు వాళ్ళకి చెబితే నా మీద కేసు పెడతారా. పడవే నా ఆధారం, అందుకే టెన్షన్‌గా ఉంది. మూడు, మా దగ్గర వెల్డింగ్ అబ్బాయి ఫ్యాను చుట్టూ ఇనుప బోను కట్టిస్తే ఏదీ పడదు అంటున్నాడు. నిజమేనా?


పశువుల డాక్టరమ్మ:

బాబాయ్ గారూ, ముందు తాబేలు సంగతి. ఇది చదివిన వెంటనే చేయండి, మిగతావి తర్వాత.

నీళ్ళలో వదలకుండా మంచి పని చేశారు. వీటి ఊపిరితిత్తులు వీపు చిప్పకి సరిగ్గా కిందే ఉంటాయి. గాయం లోతుకి వెళ్ళి ఉంటే నీళ్ళలో వదిలిన తాబేలు మునిగి చనిపోతుంది. గాయం దగ్గర ఊపిరి తీసినప్పుడల్లా బుడగలు వస్తున్నాయేమో లైటు వేసి చూడండి. బుడగలు లేకపోతే సగం భయం తీరినట్టే.

పసుపు ఇక పెట్టకండి. పెట్టింది కూడా మెల్లగా కడిగెయ్యండి. లీటరు నీళ్ళు మరిగించి చల్లార్చి, రెండు చిన్న చెంచాల ఉప్పు కలిపి, ఆ నీళ్ళు ధారగా పోస్తూ మట్టీ నాచూ పోయేదాకా కడగండి. రుద్దకండి. మందుల షాపులో పోవిడోన్ అయోడిన్ దొరుకుతుంది. దాన్ని నీళ్ళలో కలిపి లేత టీ రంగు వచ్చేలా చేసి గాయం మీద పోయండి. మెత్తటి చిప్ప తాబేలు చర్మం ఆరిపోతే పగులుతుంది, అందుకని మిగతా ఒంటి మీద తడి గుడ్డ ఉండాలి, గాయం మీద మాత్రం వద్దు. తొట్టిలో నీళ్ళు పోయకండి. తిండి బలవంతంగా పెట్టకండి, వారం రోజులు తినకపోయినా దానికి ఏమీ కాదు. ఈ చలికాలంలో అసలే మందంగా ఉంటాయి. కదలడం లేదని చనిపోయిందనుకోకండి కూడా. పాకే జంతువుల్లో ఊపిరి ఆగినట్టు కనిపించినా గుండె ఆడుతూ ఉంటుంది.

పట్టుకునేటప్పుడు వెనక వైపు నుంచి, వెనక కాళ్ళకి ముందు రెండు పక్కలా పట్టుకోండి. దాని మెడ మీరు అనుకున్నదానికంటే చాలా దూరం వస్తుంది, వెనక్కి కూడా తిరుగుతుంది. కరిస్తే వేలు తెగుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇక కేసు సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 39వ సెక్షన్ చదివించుకోండి. పొరపాటున చనిపోయిన జంతువు గురించి కూడా అందులో రాసి ఉంది. అలాంటిది మన చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి గానీ అధికారికి గానీ చెప్పాలి, అడిగితే అప్పగించాలి. అంటే చెప్పడం మీకు మంచిది, దాచి ఉంచడమే తప్పవుతుంది. శనివారం సాయంత్రం నుంచి లెక్క వేసుకోండి, సోమవారం సాయంత్రం దాకా టైముంది. రేపు పొద్దున్నే ఫారెస్టు రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేయండి. వల ముక్కలు పారేయకండి, ఫ్యాను ఫొటో తీసి ఉంచండి. ఎలా జరిగిందో అవే చెబుతాయి. ఆ 1500 ఇస్తానన్నాయన మళ్ళీ వస్తే ఈ మాట చెప్పండి: ఈ తాబేళ్ళని కొనడం, అమ్మడం, తినడం జైలుకి తీసుకెళ్ళే నేరం.

ఒకటి అడుగుతాను. కింద వైపు చూశారా? వెనక కాళ్ళు లోపలికి లాక్కుంటే వాటిని కప్పే రెండు మూతల్లాంటివి ఉన్నాయా?


గౌతమి పడవ:

అమ్మా, చెప్పినట్టే కడిగాను. బుడగలు రావడం లేదు. కింద తెల్లగా, నున్నగా ఉంది, మూతల్లాంటివి ఏమీ లేవు. పైన ముదురు ఆకుపచ్చ, మట్టి కలిసిన రంగు. కాటా మీద పెడితే 13 కిలోలు చిల్లర.


పశువుల డాక్టరమ్మ:

మూతలు ఉంటే చెరువుల్లో కాలవల్లో దొరికే చిన్న రకం, అది అంత బరువు కూడా పెరగదు. మీది నదిలో పెరిగే పెద్ద రకం. గోదావరి, కృష్ణ లాంటి దక్షిణాది నదుల్లో మాత్రమే ఉండే రకం ఒకటి ఉంది, శాస్త్రవేత్తలు దాన్ని లీత్ అనే ఆయన పేరుతో పిలుస్తారు. మన దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. పూర్తిగా అంతరించిపోయే అంచున ఉన్న జంతువుల జాబితాలో ఉంది. దాన్ని దేశాల మధ్య వ్యాపారం చేయకుండా అన్నిటికంటే గట్టి నిషేధం పెట్టాలని 2022లో పనామాలో జరిగిన సమావేశంలో మన దేశమే అడిగి సాధించింది. మీ తొట్టిలో ఉన్నది అదేనని చూడకుండా చెప్పలేను, గోదావరిలో వేరే పెద్ద రకాలు కూడా ఉండొచ్చు. ఫారెస్టు వాళ్ళకి ఇచ్చేటప్పుడు పైనా కిందా, తల దగ్గర నుంచీ ఫొటోలు తీయండి.


రేవు మెకానిక్:

అన్నా, నేను పాతికేళ్ళుగా ఇంజన్లు బాగుచేస్తున్నాను, అంతర్వేది వైపు. బోను గురించి నేను చెబుతా.

నీ వెల్డింగ్ తమ్ముడు చెప్పింది సగం నిజం. రెండు రకాలున్నాయి. ఒకటి ఉత్త రింగు, ఫ్యాను రెక్కల చివర్లకీ రింగుకీ మధ్య వేలెడు సందు ఉంచి చుట్టూ కట్టేది. రెండోది ముందూ వెనకా ఊచలు పెట్టి పూర్తిగా మూసేసే బోను. పూర్తి బోను మన గోదావరిలో పనికిరాదు. గుర్రపుడెక్క ఒక్క గుప్పెడు వచ్చి ఆ ఊచలకి అడ్డం పడిందంటే నీళ్ళు లోపలికి రావు, ఇంజను వేడెక్కుతుంది, నిండు పడవతో నడిపాయలో ఆగిపోతావు. గాలి లేస్తే జనం ప్రాణాల మీదకి వస్తుంది. అది కట్టించొద్దు.

రింగు కట్టించుకోవచ్చు. కొంచెం వేగం తగ్గుతుంది, డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది. పక్క నుంచి తగిలేదాన్ని అది తోసేస్తుంది. కానీ ఒకటి చెప్పు, నీ తాబేలు పక్క నుంచి తగిలి పడలేదు కదా. వల లాక్కొచ్చింది. వలకి రింగు అడ్డం కాదు, నీళ్ళు ఎటు పోతే దారం అటు పోతుంది. ఇంకా రింగు ఉంటే ఆ ముద్ద తీయడానికి చెయ్యి కూడా పట్టదు.

అసలు తప్పు ఎక్కడుందో నువ్వే రాశావు. రాడ్డు నీళ్ళలో ఉంచి స్టార్ట్ చేస్తున్నావు. నీకు క్లచ్ లేదన్నావు. అంటే స్టార్ట్ చేసిన ఆ మొదటి క్షణంలో ఫ్యాను పక్కన ఏముందో చూడకుండానే తిప్పేస్తున్నావు. రేవు దగ్గరే చెత్త చేరుతుంది, చేప చేరుతుంది, చేప కోసం తాబేలు చేరుతుంది. రాడ్డు పైకెత్తి కొక్కేనికి తగిలించు, గాలిలో స్టార్ట్ చెయ్యి, పడవని వాసంతో నాలుగు బారలు లోతుకి నెట్టుకో, వెనక్కి తిరిగి నీళ్ళు చూడు, అప్పుడు దించు. ముప్పై సెకన్లు పడుతుంది. గాలిలో ఉన్నప్పుడు మాత్రం ఇంజను వేగం పట్టి ఉంచే గవర్నరు బాగా తగ్గించి ఉంచు, పిల్లలు వెనక బల్ల వైపు రాకుండా అడ్డం తాడు కట్టు. ఆ ఫ్యాను మనిషిని కూడా కోస్తుంది.

ఇంకోటి. ఏదైనా చుట్టుకుని ఇంజను మూలిగితే ఎక్కువమంది చేసేది గ్యాస్ పెంచడం, తెగిపోతుందని. అది నైలాను, తెగదు, ఇంకా బిగుస్తుంది, చివరికి కరిగి బుష్‌కి అంటుకుంటుంది. మూలుగు వినపడగానే డీజిల్ కట్ చెయ్యి. ఫ్యాను మీద చెయ్యి వేసే ముందు డీకంప్రెషన్ లివరు ఎత్తు. లేకపోతే లోపల బిగబట్టిన గాలి ఫ్యానుని ఒక్కసారి వెనక్కి విసురుతుంది. ఇద్దరి వేళ్ళు అలా పోవడం చూశాను. కొబ్బరిగెలలు కోసే కొడవలి లాంటిది ఒకటి పొడుగు కర్రకి కట్టి పడవలో ఎప్పుడూ ఉంచుకో.


బరంపురం తెలుగువాణ్ణి:

అన్నగారూ, మీ నీటికుక్క సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మాది ఒడిశాలో బరంపురం. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు చాలా ఉన్నాయి, మా అమ్మ వాళ్ళది అలాంటి ఊరే. చిలికా సరస్సు మాకు పక్కనే. అక్కడ ఇరావతి డాల్ఫిన్లు ఉన్నాయి, అటూ ఇటూగా 150 మాత్రమే. ముక్కు పొడుగ్గా ఉండదు, గుండ్రటి మొహం, వీపు మీద చిన్న రెక్క. అక్కడ అవి చనిపోవడానికి చెప్పే పెద్ద కారణాలు మీరు చెప్పిన రెండే: వలలు, పడవ ఫ్యాన్లు. అక్కడి పడవలు కూడా మీ పడవ లాంటివే, పొడుగు రాడ్డు ఇంజన్లు.

నాలుగేళ్ళ కింద పిల్లల్ని తీసుకుని చిలికా ఒడ్డున ఉన్న సాతపడా వెళ్ళాను. ఒక డాల్ఫిన్ తేలగానే చుట్టుపక్కల ఉన్న పడవలన్నీ అటే పరిగెత్తాయి. పడవల్లోని జనమే "ఇంకా దగ్గరికి పోనీ, డబ్బులిస్తాం" అని అరుస్తున్నారు. నేను కూడా మా పడవాయన్ని తొందరపెట్టాను, ఒప్పుకుంటున్నాను. ఆయన పెద్దాయన. నా మాట పట్టించుకోకుండా ఇంజను ఆపి, రాడ్డు ఎత్తేసి, వెదురుగెడ తీసుకుని మెల్లగా పక్కకి నెట్టుకుపోయాడు. ఒడియాలో ఒకే మాట అన్నాడు, "అది ఊపిరి తీసుకోవడానికి వచ్చింది, మనల్ని చూడటానికి కాదు" అని. పదిహేను నిమిషాలు కూర్చున్నాం. అప్పుడు మా పడవకి రెండు బారల దూరంలో ఒకటి లేచింది. ఆ శ్వాస చప్పుడు మా చిన్నది ఇప్పటికీ చేసి చూపిస్తుంది. దాని వీపు రెక్క వెనక అంచు లేదు. గొడ్డలితో కొట్టినట్టు, ఒకదాని పక్కన ఒకటి, రెండు గాట్లు. మానిపోయి తెల్లగా ఉన్నాయి.

మీ పాయలో నీటికుక్కలు ఏ వేళకి, ఎక్కడ దాటుతాయో మీకు తెలుసు కదా. ఆ పెద్దాయనకి చిలికాలో అలాగే తెలుసు. అక్కడిదాకా వచ్చేసరికి ఇంజను ఆపి గెడ వేస్తాడు. బోను కంటే అది మేలని నా నమ్మకం.


టాంపా నుంచి:

మాది అమెరికాలో ఫ్లోరిడా. పుట్టింది అమలాపురం దగ్గర, కోటిపల్లి రేవు దాటి అమ్మమ్మ గారింటికి వెళ్ళిన రోజులు గుర్తొచ్చి ఈ పోస్టు చదివాను.

ఇక్కడ నదుల్లో, కాలవల్లో మనాటీలు ఉంటాయి. పెద్దది సగటున 450 కిలోలుండే సాధుజంతువు, గడ్డి మేస్తుంది, ఏనుగుకి దూరపు చుట్టం. మూడు నాలుగు నిమిషాలకోసారి ఊపిరికి పైకి వస్తుంది, ఆ వచ్చినప్పుడే పడవ కిందకి వస్తుంది. పడవలు తగిలి ఏడాదికి వంద దాకా చనిపోతుంటాయి. బతికినవాటికి వీపు మీద ఫ్యాను గాట్లు వరసగా ఉంటాయి. ఎంత మామూలైపోయిందంటే, పరిశోధన చేసేవాళ్ళు ఏది ఏదో గుర్తుపట్టేది ఆ మచ్చలని బట్టే. ఒక్కోదాని గాట్లకి ఫొటోలు తీసి పెట్టుకుంటారు. చలికాలంలో క్రిస్టల్ రివర్ అనే ఊరికి వస్తాయి, అక్కడ ఊట నీళ్ళు ఏడాదంతా 22 డిగ్రీల మీదే ఉంటాయి. చిన్న పడవ వేసుకుని వెళ్ళి దగ్గరగా చూశాను. ఒక తల్లి వీపు మీద పదకొండు గాట్లు లెక్కపెట్టాను.

మీ ప్రశ్నకి పనికొచ్చే మాట ఇది. ఫ్యానులకి రింగులు తప్పనిసరి చేయాలా అని ఇక్కడ ఏళ్ళ తరబడి వాదన జరిగింది. చనిపోయినవాటిని కోసి చూస్తే చాలావాటికి ఫ్యాను గాయం కంటే పడవ అడుగు గుద్దిన దెబ్బే ప్రాణం తీసిందని తేలింది. పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. దానికి రింగు ఏం చేస్తుంది? అందుకే ఇక్కడ ఎక్కువగా వేగం మీద పట్టు బిగించారు. అవి తిరిగే చోట్ల నీళ్ళలో బోర్డులు పాతారు, అక్కడ పడవ నడకలా వెళ్ళాలి, వెనక అల లేవకూడదు. మెల్లగా వస్తే దానికి తప్పుకునే టైముంటుంది, మనకీ చూసే టైముంటుంది.

మీ పడవ వేగం అసలే తక్కువ, అది మీ అదృష్టం. మెకానిక్ గారు చెప్పిన పద్ధతికి ఈ ఒక్కటి కలపండి: లోతు తక్కువ ఉన్నచోట ఇంజను మరీ తగ్గించండి. లోతు ఉంటే జంతువు కిందకి పోతుంది. లోతు లేనిచోట దానికి పోయే దారి లేదు.


వల ముడి:

నేను చేపలు పట్టేవాణ్ణి, యానాం ఎగువన. పడవల సంగతి అందరూ చెప్పారు, వల సంగతి నేను చెప్పాలి. కొంచెం బాధగానే రాస్తున్నాను.

వల ఎవరూ కావాలని వదలరు. ఒక వలకి ఎంత అవుతుందో మీకు తెలియంది కాదు. సాయంత్రం వేసి పొద్దున తీస్తాం. రాత్రి ఇసుక పడవో, లాంచీయో దాని మీద నుంచి పోతే సగం తెగి కొట్టుకుపోతుంది. మిగిలిన సగంతో మేం ఏడుస్తూ ఇంటికి వస్తాం. పోయిన సగం నీళ్ళలో వేలాడుతూ చేపల్ని పడుతూనే ఉంటుంది, ఎవరి కోసమూ కాదు. అందులో చచ్చిన చేప కోసం తాబేలు వస్తుంది, నీటికాకి వస్తుంది, అవీ చిక్కుతాయి. పోయిన ఏడాది ఒక తెగిన ముక్క లాగితే అందులో మూడు నీటికాకులు, ఒక పాము, చిన్న తాబేలు ఒకటి. అన్నీ పోయాయి.

కానీ మాలో ఒక తప్పు ఉంది. చిరిగిపోయి బాగుచేయడానికి పనికిరాని ముక్కల్ని గట్టుకి తేకుండా అక్కడే నీళ్ళలో వదిలేసేవాళ్ళు ఉన్నారు. నేనూ వదిలాను, చాలాసార్లు. మీరు ఉలితో కొట్టి తీసిన ఆ ముద్ద నాలాంటి వాడు ఎవడో వదిలినదే అయి ఉంటుంది. ఆ మాట చదివాక నిన్న మా రేవులో ఒక పాత డ్రమ్ము పెట్టాం. పనికిరాని వల అందులో వేయమని చెప్పాం. ఐదుగురం ఒప్పుకున్నాం.

ఇంకో మాట. వలకి రెండు చివర్లా తెల్లటి థర్మోకోల్ ముక్క కాకుండా, రాత్రి కనిపించే మెరుపు టేపు చుట్టిన సీసా కట్టండని మావాళ్ళకి చెబుతున్నాను. మీరు పడవవాళ్ళు కూడా ఆ సీసా కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్ళండి, మీద నుంచి పోకండి. డీజిల్ రెండు చుక్కలు ఎక్కువ అవుతుందేమో గానీ మీ ఫ్యాను, మా వల, రెండూ ఉంటాయి.


గౌతమి పడవ:

అందరికీ దణ్ణాలు. ఆలస్యంగా రాస్తున్నాను, పన్నెండు రోజులైంది.

సోమవారం పొద్దున ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి ఇద్దరు వచ్చారు. నేను ఫ్యాను, వల ముక్కలు, ఉలితో తీసిన నైలాను ముద్ద అన్నీ చూపించాను. ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంత లోతు అని రాసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు. కేసు లేదు. డాక్టరమ్మ ముందే ఇంత వివరంగా చెప్పకపోతే నేను ఆ ఫోన్ చేసేవాణ్ణి కాదు, నిజం. నీటికుక్క పిల్ల సంగతి కూడా వాళ్ళకి చెప్పాను. పెద్దతను పెన్ను కింద పెట్టి విన్నాడు. తర్వాత ఇప్పుడు ఎన్ని కనిపిస్తున్నాయి, ఏ వేళకి అని అడిగాడు. చెప్పాను. అదీ రాసుకున్నాడు.

తాబేలుని ప్లాస్టిక్ తొట్టిలో తడి గుడ్డ కప్పి తీసుకెళ్ళారు. ఎనిమిది రోజులు ఏమీ తినలేదట. గాయానికి రోజూ మందు పోస్తున్నారు, చచ్చిన అంచు కొంచెం కత్తిరించారట. మొన్న ఫోన్ చేస్తే ఒక రొయ్య తిందన్నారు. నిన్న మూడు. నదిలో ఎప్పుడు వదులుతారో ఇంకా చెప్పలేదు, నెలలు పట్టొచ్చన్నారు. వదిలే రోజు నా పడవలో తీసుకెళ్ళమని అడిగాను.

బోను కట్టించలేదు. రింగు కూడా ఇప్పటికి వద్దనుకున్నాను. వెనక బల్లకి ఒక కొక్కెం వెల్డింగ్ చేయించాను, రాడ్డు దానికి తగిలించి గాలిలోనే స్టార్ట్ చేస్తున్నాను. మొదటి రెండు రోజులు బడిపిల్లలు ఎందుకు తాత అలా అని అడిగారు. చెప్పాను. ఇప్పుడు రాడ్డు దించే ముందు వాళ్ళే వెనక్కి తిరిగి నీళ్ళు చూసి "ఏం లేదు, దించు" అంటున్నారు. అడ్డం తాడు కట్టాను మెకానిక్ తమ్ముడూ, దాన్ని దాటి ఎవరూ రావడం లేదు.

పై మలుపు దగ్గర, రెల్లు దుబ్బుల పక్కన నీటికుక్కలు దాటే చోటు ఉంది. ఐదున్నరకి మొదటి పడవ కదా, అక్కడికి రాగానే ఇంజను ఆపి వాసం వేస్తున్నాను. పాలవాళ్ళు ముందు గొణిగారు, ఐదు నిమిషాలు ఆలస్యం అవుతోందని. అందుకే ఐదు నిమిషాలు ముందే బయల్దేరుతున్నాం. మొన్న బుధవారం మంచులో నాలుగు కనిపించాయి. ఇంజను చప్పుడు లేదు కాబట్టి వాటి ఈల ముందు వినపడింది. పాల క్యాన్ల మీద కూర్చున్న కుర్రాడు సెల్ తీయబోతే వద్దన్నాను, వెలుగు పడుతుందని. అవి దాటేదాకా ఆగాం.

వల ముడి తమ్ముడూ, మా రేవులో కూడా డ్రమ్ము పెట్టాలని ఉంది. నిండిన తర్వాత ఆ వలని మీరు ఏం చేస్తున్నారు? తగలబెడితే పొగ కంపు, పూడిస్తే వరదకి మళ్ళీ ఏట్లోకే వస్తుంది. ఎవరైనా కొనేవాళ్ళు ఉంటే చెప్పండి.